పాత టెలిఫోన్ వైరింగ్‌తో మేడ మీదికి నెట్ తీసుకెళ్లొచ్చా?

మేడగది | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంపల్లి వైపు ఉంటాం. 2012లో కట్టిన ఇల్లు, మేం మూడేళ్ల క్రితం పాతదిగానే కొన్నాం. ఫైబర్ నెట్ బాక్సు కింద హాల్లో టీవీ పక్కన బిగించారు. నా ఆఫీసు పనంతా మేడ మీద వెనక గదిలో. మధ్యలో ఒక స్లాబు, రెండు తొమ్మిదంగుళాల గోడలు. 300 ఎంబీపీఎస్ ప్లాను. హాల్లో 280 వస్తుంది. నా టేబుల్ దగ్గర మధ్యాహ్నం వచ్చేది 12 ఎంబీపీఎస్, సాయంత్రం అయితే 4 ఎంబీపీఎస్. మీటింగులో నేను మాట్లాడితే అవతలివాళ్లకి సగం అక్షరాలే అందుతున్నాయట. నిన్న మేనేజర్ "మీరు బావిలోంచి మాట్లాడుతున్నారా" అని అడిగాడు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే హాల్లోంచి మెట్ల గోడ మీదుగా కేసింగ్ క్యాపింగ్ (గోడ పైనే వైరు దాచే ప్లాస్టిక్ పట్టీ) కొట్టుకుంటూ పోతానన్నాడు. సంక్రాంతికే రంగులు వేయించాం. ఆ మాట వినగానే మా అత్తయ్య లోపలికి వెళ్లిపోయారు, ఆయనకు కాఫీ కూడా రాలేదు.

నా అనుమానం ఇది. ప్రతి గదిలోనూ గోడకి ఒక టెలిఫోన్ సాకెట్, ఒక టీవీ కేబుల్ సాకెట్ ఉన్నాయి. ఫోన్ సాకెట్ మేం ఒక్కసారి కూడా వాడలేదు. ఆ వైర్లలో నెట్ పంపే మార్గం ఏమైనా ఉందా? నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు, అంతకుమించి తెలీదు.

మెష్_చాలు | శనివారం, రాత్రి 9:52

ఈ కాలంలో వైర్లేంటి అక్కా. మూడు యూనిట్ల మెష్ (ఒకదాన్నుంచి ఒకటి వైఫై అందుకునే పెట్టెలు) తీసుకో, హాల్లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, నీ గదిలో ఒకటి. అరగంటలో అయిపోతుంది.

స్విచ్‌మాస్టారు | శనివారం, రాత్రి 10:15

మెష్ తప్పని అనను. కానీ యూనిట్లు ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకోవాలంటే ఆ స్లాబునీ ఆ గోడల్నీ అవి కూడా దాటాలి కదా. మెట్ల దగ్గరున్న దానికే 60 అందితే, అది పైగదికి ఇచ్చేది అంతకంటే తక్కువే. పదిహేను వేలు పెట్టాక ఆ సంగతి తెలిస్తే బాధ.

మేడగది గారూ, ఏమీ కొనకండి. ముందు మీ గదిలో ఆ ఫోన్ సాకెట్ రెండు మరలూ విప్పి ముందుకు లాగండి. వెనకున్న కేబుల్ తొడుగు మీద చిన్న అక్షరాలు అచ్చై ఉంటాయి, ఫోన్ టార్చ్ వేసి చదవండి. లోపల మొత్తం ఎన్ని తీగలున్నాయో లెక్కపెట్టండి. బిగించినవి కాదు, ఉన్నవి. రెండు లేదా నాలుగే ఉంటే ఒక కథ. ఎనిమిది ఉంటే మీ అదృష్టం వేరే.

ఆ తర్వాత ఈ కేబుళ్లన్నీ ఎక్కడికి వచ్చి చేరాయో వెతకండి. మెయిన్ బోర్డు పక్కనో, మెట్ల కిందో ఒక పెట్టె ఉంటుంది.

పవర్‌ప్లగ్ | శనివారం, రాత్రి 10:31

విశాఖ నుంచి. కరెంటు సాకెట్లోనే గుచ్చే పవర్‌లైన్ అడాప్టర్లు వాడుతున్నాను, రెండేళ్లయింది. ఒకటి రౌటర్ దగ్గర, ఒకటి గదిలో. కరెంటు తీగలోనే నెట్ వెళ్లిపోతుంది. ఏ సాకెట్టూ విప్పక్కర్లేదు.

స్విచ్‌మాస్టారు | శనివారం, రాత్రి 10:38

ఎంత వస్తోంది, నిజం చెప్పండి.

పవర్‌ప్లగ్ | శనివారం, రాత్రి 10:44

పెట్టె మీద 1000 అని ఉంది. నాకు 70 వస్తుంది. మా ఆవిడ మిక్సీ వేస్తే 20. ఇడ్లీ పిండి రోజు మీటింగు పెట్టుకోను.

స్విచ్‌మాస్టారు | శనివారం, రాత్రి 10:59

నిజాయితీకి దండం. మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కుంది. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో కింద హాలు ఒక ఫేజ్ మీద, పైగది ఇంకో ఫేజ్ మీద ఉంటే సిగ్నల్ బాగా నీరసపడుతుంది, ఒక్కోసారి అసలు దాటదు. ఇన్వర్టర్ మీదున్న సాకెట్లతోనూ అదే గొడవ. స్పైక్ బస్టర్లో గుచ్చితే అది ఈ సిగ్నల్‌ని కూడా చెత్త కింద లెక్కేసి వడకట్టేస్తుంది, అందుకే నేరుగా గోడ సాకెట్లోనే పెట్టమంటారు. వేరే దారి లేనప్పుడు పరవాలేదు. మనకి దారి ఉందో లేదో రేపు తెలుస్తుంది.

మేడగది | ఆదివారం, ఉదయం 11:20

విప్పాను! కేబుల్ బూడిద రంగు. దాని మీద క్యాట్ 5ఇ, 4 పెయిర్, 24 ఏడబ్ల్యూజీ అని ఉంది. లోపల ఎనిమిది తీగలు. అందులో నీలం, నీలం చార ఉన్న తెలుపు, ఈ రెంటినే సాకెట్ మరలకి బిగించారు. మిగతా ఆరూ కత్తిరించకుండా కేబుల్ మెడకి చుట్టేసి వదిలేశారు.

మెట్ల కింద చెప్పుల స్టాండు వెనక చెక్క తలుపున్న పెట్టె దొరికింది. మూడేళ్లుగా అది మీటరుదనుకున్నాం. తెరిస్తే ఐదు బూడిద కేబుళ్లు, నాలుగు నల్ల టీవీ కేబుళ్లు, రెండు బల్లి గుడ్లు. ఐదింటి నీలం తీగలూ ఒక ప్లాస్టిక్ పట్టీ మీద కలిపి బిగించి ఉన్నాయి. గుడ్లు మా వారు తీశారు.

పాతలైన్ | ఆదివారం, మధ్యాహ్నం 12:05

అమ్మా, మీ బిల్డర్ దగ్గర పనిచేసిన వైర్‌మన్ ఎవరో మంచివాడు. ఆ ఆరు తీగలు కత్తిరించకుండా చుట్టి పెట్టాడంటే రేపెవరికైనా పనికొస్తాయని తెలిసినవాడే. నేను టెలిఫోన్ శాఖలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు రాజమండ్రి. ఫోనుకు ఒక జత చాలు. రెండు జతల టెలిఫోన్ వైరు వేసి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. ఇతను నాలుగు జతల క్యాట్ 5ఇ వేశాడు, అది కంప్యూటర్ నెట్‌కి వాడే కేబులే.

ముందు ఏ కేబుల్ ఏ గదికి వెళ్తోందో తేల్చుకోండి. పైసా ఖర్చు లేని పద్ధతి చెబుతా. పెట్టెలో ఆ పట్టీ నుంచి అన్నీ ఊడదీయండి. మీ గది సాకెట్ దగ్గర గోధుమ జత రెండు తీగలూ గీకి ఒకదానికొకటి మెలిపెట్టండి. కిందికొచ్చి పెట్టెలో ఒక్కో కేబుల్ గోధుమ జతకీ మల్టీమీటర్ పెట్టి చూడండి. ఏది కూత పెడితే అది మీ గదిది. దానికి కాగితం కట్టి పేరు రాయండి. అలా ఐదూ.

ఇంట్లో ల్యాండ్‌లైన్ ఇంకా బతికే ఉంటే మాత్రం బయటి నుంచి వచ్చే ఆ తీగ జోలికి పోకండి. ఊరికే ఉన్నప్పుడు 48 వోల్టులే, రింగు వచ్చే క్షణంలో దానికంటే బాగా ఎక్కువ. చంపదు గానీ నిచ్చెన మీదుంటే కింద పడేస్తుంది. నాకు తెలుసు.

డాలస్_బావ | ఆదివారం, రాత్రి 8:10

మేడగది గారి అదృష్టం చూస్తే కుళ్లుగా ఉంది. మేం డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం, ఇల్లు 2004ది. మాకూ గదికో ఫోన్ సాకెట్, లోపల క్యాట్ 5ఇ. ఆనందంగా విప్పాను. తీరా చూస్తే కేబుళ్లన్నీ కలిసేది ఇంట్లో కాదు, గరాజ్ బయటి గోడకున్న ఫోన్ కంపెనీ పెట్టెలో. 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, వానలో నెట్‌ని గదులకి పంచే స్విచ్ పెట్టె ఎక్కడ పెట్టను?

అందుకని నేను టీవీ కేబుల్ దారి పట్టాను. మోకా అని ఒక పద్ధతి ఉంది, టీవీ కోయాక్స్ కేబుల్లోనే నెట్ పంపుతుంది. గదికో అడాప్టర్. 2.5 రకం తీసుకున్నా, కింద నుంచి పైకి గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) అప్లోడ్ డౌన్లోడ్ రెండూ వస్తున్నాయి. కోయాక్స్ రాగి తీగ లావు, చుట్టూ కవచం, అందుకే పవర్‌లైన్‌లా మిక్సీకి భయపడదు. రెండు పనులు తప్పక చెయ్యాలి. గోడలో దాగున్న పాత స్ప్లిటర్లు (ఒక కేబుల్‌ని చీల్చి పలు గదులకి పంపేవి) 1000 మెగాహెర్ట్జ్ దాకానే ఉంటాయి, వాటిని 1675 దాకా పనిచేసేవాటితో మార్చాలి. బయటి నుంచి కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ఒక ఫిల్టర్ బిగించాలి, లేకపోతే మీ సిగ్నల్ పక్కింటి దాకా పోతుంది. దాన్ని పీఓఈ ఫిల్టర్ అంటారు. కెమెరాలకు కరెంటిచ్చే పీఓఈ వేరు, ఇది వేరు. ఒకే మూడక్షరాలు. నేను మొదట తప్పుది ఆర్డర్ పెట్టాను.

మీకు నల్ల కేబుళ్లు నాలుగున్నాయన్నారు. వాటిలో డిష్ నడుస్తోందా?

మేడగది | ఆదివారం, రాత్రి 8:32

నడుస్తోంది. డాబా మీద గొడుగు. అత్తయ్య సీరియళ్లు అందులోనే.

డాలస్_బావ | ఆదివారం, రాత్రి 8:41

అయితే ఆ కేబుల్ని ముట్టుకోకండి. మోకా వాడేది 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్. గొడుగు నుంచి సెట్ టాప్ బాక్సుకి వచ్చేది 950 నుంచి 2150 మధ్య. రెండూ ఒకే తీగలో నడిపితే ఢీ. లోకల్ కేబుల్ టీవీ అయితే 1000 కిందనే ఉంటుంది కాబట్టి కలిసి బతుకుతాయి. పైగా ఈ అడాప్టర్లు మన దగ్గర షాపుల్లో అడిగితే మొహం చూస్తారు.

మెష్_చాలు | ఆదివారం, రాత్రి 8:50

అంటే సీరియల్ ఆగితే కాఫీతో పాటు అన్నం కూడా కట్.

మేడగది | సోమవారం, రాత్రి 10:05

పాతలైన్ గారూ, మీరు చెప్పినట్టే చేశాం. పైన మా వారు, కింద నేను, ఫోన్లో మాట్లాడుకుంటూ. నాలుగు దొరికాయి: హాలు, మా బెడ్‌రూం, మేడ మీద ముందు గది, నా గది. ఐదోది వంటింటిదనుకుంటే కూత రాలేదు. చూస్తే అది భోజనాల గది సాకెట్‌కి వెళ్లి, అక్కడి నుంచి ఇంకో ముక్క వంటింటికి వెళ్తోంది.

స్విచ్‌మాస్టారు | సోమవారం, రాత్రి 10:40

అద్భుతం. వంటింటిది సంగతి చెప్తాను. ఫోన్లకి గొలుసుకట్టుగా ఒక సాకెట్ నుంచి ఇంకోదానికి లాక్కుపోతే నడుస్తుంది. నెట్‌కి అలా కుదరదు, ప్రతి కేబుల్‌కీ రెండే చివరలు, ఇటు ఒకటి అటు ఒకటి. భోజనాల గదిలో ఆగిపోండి. వంటింట్లో మీకు నెట్ వైరు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్లాను. మీ ఫైబర్ బాక్సు హాల్లో ఉంది, కేబుళ్లు కలిసేది మెట్ల కింద. బాక్సుకున్న లాన్ పోర్టు (ఇంట్లోకి నెట్ ఇచ్చే రంధ్రం) నుంచి హాల్ గోడ సాకెట్‌కి ఒక చిన్న నెట్ వైరు. ఆ హాలు కేబుల్ నెట్‌ని మెట్ల కిందికి మోసుకొస్తుంది. పెట్టెలో ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ పెట్టి హాలు కేబుల్, మిగతా నాలుగు అందులో గుచ్చేయండి. సరిగ్గా ఐదు, మీ కోసమే తయారుచేసినట్టు. స్విచ్ వెయ్యి, పన్నెండు వందల్లో వస్తుంది. చౌకగా దొరికే 100 ఎంబీపీఎస్‌ది అంటగడతారు, పెట్టె మీద గిగాబిట్ అని చూసి తీసుకోండి. ఆ పెట్టెలోకి ఒక కరెంటు పాయింట్ కావాలి, ఎలక్ట్రీషియన్ని పిలిచేది దానికే.

గోడల దగ్గర పాత ఫోన్ సాకెట్ తీసేసి నెట్ వైరు గుచ్చే ఆర్జే45 జాక్, దాని ఫేస్‌ప్లేట్. జాక్ పక్కనే ఏ రంగు ఎక్కడో బొమ్మ వేసి ఉంటుంది, ఏ, బి అని రెండు వరసలు. ఇల్లంతా బి పట్టుకోండి. తీగని గాట్లో పెట్టి, దాన్ని లోపలికి దించే క్రోన్ టూల్‌తో ఒక్క నొక్కు. జత మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పకండి.

క్యాట్ 5ఇ పాతదని దిగులొద్దు. గిగాబిట్ ప్రమాణం 1999లో రాసిందే అప్పటికే గోడల్లో ఉన్న క్యాట్ 5 మీద నడవాలని. 2016లో వచ్చిన 2.5 గిగాబిట్ కూడా ఇదే తీగ మీద 100 మీటర్లు వెళ్లేలా చేశారు. మీ ఇంట్లో పొడుగైనది పాతిక మీటర్లు ఉంటే గొప్ప.

మేడగది | శనివారం, రాత్రి 7:48

అయ్యిందనుకున్నాను, అవ్వలేదు. హాలు సాకెట్ నేనే చేశాను, జాక్ మీద బొమ్మ చూసి. మిగతావి చేసే ఓపిక లేక, కరెంటు పాయింట్ కోసం వచ్చిన ఎలక్ట్రీషియన్ "నేను కొట్టేస్తా మేడం" అంటే సరే అన్నాను. జాక్‌లెందుకు దండగని నా గది కేబుల్‌కి రెండు వైపులా నేరుగా ప్లగ్గే క్రింప్ చేశాడు. లాన్ టెస్టర్ పెట్టి చూపించాడు కూడా, 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలిగాయి.

లాప్‌టాప్‌లో మొదట 1000 అని చూపిస్తుంది. రెండు నిమిషాల్లో తెగి మళ్లీ 100 అని వస్తుంది. అప్పుడు 60, 70. మధ్యమధ్య పూర్తిగా ఆగిపోతుంది. పాత వైఫై కంటే మెరుగే గానీ టెన్షన్ అలాగే ఉంది.

మెష్_చాలు | శనివారం, రాత్రి 7:55

నేనేం అనట్లేదు.

పవర్‌ప్లగ్ | శనివారం, రాత్రి 8:02

ఫైబర్ బాక్సు పోర్టు 100దే అయ్యుండొచ్చు. కొన్ని బాక్సుల్లో నాలుగు పోర్టులుంటే ఒకటే గిగాబిట్.

స్విచ్‌మాస్టారు | శనివారం, రాత్రి 8:20

ఆ గొడవైతే 94 దగ్గర నిలకడగా ఆగాలి, 100 లింకులో వచ్చేది అంతే. పైగా ఆ లింకు స్విచ్‌కీ బాక్సుకీ మధ్య. ఇక్కడ 1000 నుంచి పడిపోతున్నది లాప్‌టాప్‌కీ స్విచ్‌కీ మధ్య లింకు. సాధారణంగా 100 మీదే ఆగిపోతే ఎనిమిదింటిలో ఏదో తీగ అందట్లేదని అర్థం, ఎందుకంటే 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. కానీ టెస్టర్ ఎనిమిదీ వెలిగించింది. లాప్‌టాప్‌ని తీసుకెళ్లి మెట్ల కింద స్విచ్‌లో నేరుగా గుచ్చి చూడండి.

మేడగది | శనివారం, రాత్రి 8:41

అక్కడ 1000, కదలకుండా. 290 వస్తోంది.

పాతలైన్ | శనివారం, రాత్రి 9:10

అమ్మా, ఒక్క పని చేయండి. మీ గదిలో ఉన్న ప్లగ్గుని చేతిలోకి తీసుకోండి. లాకు పుల్ల కిందికి, బంగారు పళ్లు పైకి, కేబుల్ మీ వైపుకి. ఎడమ నుంచి కుడికి రంగులు వరసగా చదివి ఇక్కడ రాయండి. అద్దాల్లాంటి ప్లాస్టిక్ కాబట్టి కనిపిస్తాయి.

మేడగది | శనివారం, రాత్రి 9:17

నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, ఆకుపచ్చ, నీలం తెలుపు, నీలం, గోధుమ తెలుపు, గోధుమ. రెండో వైపు ప్లగ్గులోనూ ఇదే వరస. చాలా శుభ్రంగా కొట్టాడండీ.

పాతలైన్ | శనివారం, రాత్రి 9:49

శుభ్రంగానే కొట్టాడు, అదే ఇబ్బంది.

ఆ కేబుల్లో తీగలు ఎందుకు మెలితిప్పి ఉంటాయి? జతలో ఒక తీగ మీద వెళ్లే సిగ్నల్‌కి రెండోది సరిగ్గా ఎదురుగా ఉంటుంది. బయటి గోల రెండింటి మీదా సమానంగా పడుతుంది, అవతలి చివర తేడా మాత్రమే లెక్కేస్తారు కాబట్టి గోల కొట్టుకుపోతుంది. పక్క జత గోల అంటకుండా ఒక్కో జతకీ మెలిక బిగువు వేరువేరుగా పెడతారు. ఈ మెలిక పేటెంటు 1881లో గ్రాహంబెల్‌ది, ఇవాళ్టి సంగతి కాదు.

ఇప్పుడు ప్లగ్గు చూడండి. లాప్‌టాప్ లోపలి నెట్ కార్డు జతలుగా లెక్కేసేది 1-2, 3-6, 4-5, 7-8 పళ్లని. వరసగా 3-4, 5-6 కాదు. మీవాడి ప్రకారం 3లో ఆకుపచ్చ తెలుపు, 6లో నీలం. అంటే ఒకే సంభాషణలో సగం ఆకుపచ్చ మెలికలో, సగం నీలం మెలికలో పోతోంది. 4-5లో కూడా అంతే, అటుది ఇటు. మెలిక ఇచ్చే రక్షణ రెండు జతలకీ పోయింది. ఒకరి మాట ఇంకొకరి తీగలో వినిపిస్తోంది. మేం దీన్ని స్ప్లిట్ పెయిర్ అనేవాళ్లం. వందల జతల కేబుల్ జాయింట్లో ఇలాంటిది ఒక్కటి పడితే ఇద్దరు సబ్‌స్క్రైబర్లు ఒకరి కబుర్లు ఒకరు వినేవాళ్లు. వెతకడానికి రెండు రోజులు గుంతలో కూర్చున్న రోజులున్నాయి.

టెస్టర్ అబద్ధం చెప్పలేదు. 1 నుంచి 1కి, 2 నుంచి 2కి తీగ ఉందా అని మాత్రమే అది అడుగుతుంది. ఏ తీగ ఎవరితో మెలిక పడి ఉందో దానికేం తెలుసు.

బి వరస రాస్తున్నా: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఆకుపచ్చ జత విడిపోయి నీలం జతకి అటూ ఇటూ నిలబడుతుంది. ఇంత వంకర ఎందుకంటే ఫోన్ల వల్లే. ఫోన్ ప్లగ్గులో మొదటి లైను మధ్య రెండు పళ్లు, రెండో లైను దాని చుట్టూ ఉన్న రెండు. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చారు.

మెష్_చాలు | శనివారం, రాత్రి 10:02

సార్, ఇది నాకు ఇంజినీరింగ్‌లో కూడా ఎవరూ చెప్పలేదు.

మేడగది | ఆదివారం, మధ్యాహ్నం 1:30

రెండు వైపులా ప్లగ్గులు కత్తిరించేసి జాక్‌లు బిగించాను, నేనే. మొదటిది పాడైంది, రెండోది కుదిరింది. 1000 అని పొద్దుటి నుంచి కదల్లేదు. నా టేబుల్ దగ్గర 292. మా వారి లాప్‌టాప్‌ నుంచి నా దాంట్లోకి పెళ్లి వీడియో పంపితే సెకనుకి 110 మెగాబైట్లు. ఎలక్ట్రీషియన్ మిగతా గదులకి కొట్టిన ప్లగ్గులు కూడా విప్పి చూశాను, అన్నీ అదే వరస. వచ్చే వారం వాటి పని.

ఒక చిన్న ప్రశ్న. పాత రౌటర్ ఒకటుంది. దాన్ని పైన పెట్టి వైఫై కూడా ఇవ్వొచ్చా?

స్విచ్‌మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

భేషుగ్గా. ముందు దాని సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపేయండి, దాని అడ్రసుని ఫైబర్ బాక్సుది కాకుండా ఇంకోటి పెట్టండి. తర్వాత గోడ నుంచి వచ్చే వైరుని బయటి నెట్ కోసం ఉండే నీలం వాన్ పోర్టులో కాదు, మామూలు లాన్ పోర్టులో గుచ్చండి. డీహెచ్‌సీపీ ఆపకపోతే ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు వేరువేరుగా అడ్రసులు పంచుతారు, ఎవరికి నెట్ వస్తుందో ఎవరికి రాదో దేవుడికే తెలియాలి.

ఇంకోటి. ఒక వైరు రెండు చివరలూ ఒకే స్విచ్‌లో ఎప్పుడూ గుచ్చకండి. మా బావమరిది ఇల్లు సర్దుతూ వేలాడుతున్న చివర ఎందుకని ఖాళీ పోర్టులో పెట్టేశాడు. మాటలు గుండ్రంగా తిరుగుతూ పెరిగి ఇల్లంతా నెట్ పడిపోయింది. స్విచ్ లైట్లన్నీ దీపావళిలా కొట్టుకుంటున్నాయి. సర్వీసువాళ్లకి మూడు ఫోన్లు చేశాక కనిపెట్టాను.

నూజివీడు_రసం | ఆదివారం, సాయంత్రం 5:20

ఇదంతా చదువుతున్నాను. మాది ఇంకా కడుతున్నారు, గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ కాలేదు. ఏం వేయించమంటారు? ఇంటి నుంచి తోటలో కాపలా షెడ్డు 70 మీటర్లు. 100 లోపే కాబట్టి మామూలు కేబుల్ వేసి కెమెరా పెట్టాను. మొన్న వేసవి గాలివానకి పక్క తోటలో పిడుగు పడితే కెమెరా, స్విచ్ రెండూ కాలిపోయాయి.

పాతలైన్ | ఆదివారం, సాయంత్రం 6:45

తోటలోకి రాగి వద్దండీ. దూరం సరిపోయినా రెండు కట్టడాల ఎర్తు ఒకటి కాదు. పిడుగు మీ చెట్టు మీదే పడక్కర్లేదు, దగ్గర్లో పడినా భూమిలో లేచే వోల్టేజీ ఆ తీగ పట్టుకుని ఇంట్లోకి వస్తుంది. ఫైబర్ వేయించండి, రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగునీ రాగి తీగ సిగ్నల్‌నీ ఒకదాన్నుంచి ఒకటిగా మార్చేవి). గాజు పోగుకి కరెంటుతో పనిలేదు. ఇనప తీగ ఆధారం లేని రకం అడగండి, అది ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది.

స్విచ్‌మాస్టారు | ఆదివారం, రాత్రి 7:30

ఇంట్లో అయితే కేబుల్ కంటే పైపు ముఖ్యం. గదికో 25 ఎంఎం పైపు, కరెంటు పైపుతో కలపకుండా విడిగా, అన్నీ ఒకే చోటికి. మూలల్లో నిటారు ఎల్బోలు కాదు, పొడుగు బెండ్లు. ప్రతి పైపులో నైలాన్ తాడు వదిలేయండి. కేబుల్ క్యాట్ 6 చాలు. టీవీ వెనక రెండు లాగండి, మిగతా గదులకి ఒకటి. హాల్ సీలింగ్ మధ్యలో కూడా ఒకటి, రేపు వైఫై యూనిట్ అక్కడ పెట్టుకుంటారు.

కొనేటప్పుడు ఒక్క తీగ చివర కత్తిరించి చూడండి. కోసిన ముఖం తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. చౌక రోళ్లన్నీ దాదాపు అదే. ఇది తేలిగ్గా ఉంటుంది, రెండుసార్లు వంచితే పుటుక్కుమంటుంది, పీఓఈ కెమెరాకి కరెంటు పంపితే వేడెక్కుతుంది. లోపలి దాకా ఎర్రగా ఉంటేనే డబ్బులివ్వండి.

మెష్_చాలు | మంగళవారం, రాత్రి 9:05

ఒప్పుకుంటున్నా. మా ఫ్లాట్లో కూడా ఫోన్ సాకెట్ విప్పాను. నాకు రెండు తీగలే ఉన్నాయి, సన్నవి, మెలిక కూడా లేదు. బల్లి గుడ్లు కూడా లేవు. నాకింక మెష్షేనా?

పాతలైన్ | మంగళవారం, రాత్రి 9:40

రెండు తీగలైతే నెట్‌కి పనికిరావు బాబూ, కానీ తాడుగా పనికొస్తాయి. ఒక చివర పట్టుకుని మెల్లగా లాగి చూడు. అవతలి చివర కదిలితే అది పైపులో స్వేచ్ఛగా ఉన్నట్టే. దాని చివరకి కొత్త కేబుల్ కట్టి ఇటు నుంచి లాగు. కట్టేటప్పుడు ముడి లావు కాకూడదు. కొత్త కేబుల్ తొడుగు నాలుగంగుళాలు ఒలిచి, తీగల్లో సగం కత్తిరించి, మిగతావి పాత తీగకి చుట్టి ఇన్సులేషన్ టేపు నున్నగా వేయి. ముల్లంగి చివరలా ఉండాలి. టాల్కం పౌడర్ దట్టంగా పూయి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు తోయాలి, ఒక్కడివే చేయకు.

మెష్_చాలు | ఆదివారం, సాయంత్రం 4:15

కదిలింది! మా నాన్న తోశారు, నేను లాగాను. రెండో వంపు దగ్గర బిగుసుకుంది. బలంగా లాగనా?

పాతలైన్ | ఆదివారం, సాయంత్రం 4:18

వద్దు వద్దు, తెగితే తాడు కూడా పోతుంది. జానెడు వెనక్కి లాగమని నాన్నగారికి చెప్పు, కేబుల్ని కొంచెం తిప్పమను, మళ్లీ తోయమను. ఆయన తోసినప్పుడే నువ్వు లాగాలి.

మెష్_చాలు | ఆదివారం, సాయంత్రం 4:52

వచ్చేసింది సార్. గది నిండా పౌడర్. ఇప్పుడు నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, తర్వాత నీలం కదా?

పాతలైన్ | ఆదివారం, సాయంత్రం 4:53

నీలమే.